వెనక తలుపు పట్టేసిన రోజు, సన్యాసమ్మ పెద్దత్త

పొద్దున్నే వీధిలో దబదబా చప్పుడు. ఇనుము మీద అరచేత్తో కొట్టే చప్పుడు, మధ్యమధ్యలో కాలితో తన్నే చప్పుడు. మా మనవడు కొన్న పాత జీపు వెనక తలుపు పట్టేసిందట. పెళ్ళాం తన మాట వినకపోతే సర్దుకుపోయే మగవాడు కూడా తలుపు మాట వినకపోతే మాత్రం ఊరుకోడు. నేను అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. ఆ చప్పుడు వింటూ వింటూ ఉండగా నా చేతులు వాటంతటవే ఆగిపోయాయి. నేను కోడలిగా నర్సీపట్నం వచ్చిన కొత్తలో ఒక మోటారులో చిక్కుకుని, తలుపుకి లోపలి వైపు కూర్చుని ఇదే చప్పుడు విన్నాను. అప్పుడు నా పక్కన మా పెద్దత్త ఉంది. ఆవిడ లేకపోతే ఆ రోజు ఏమయ్యేదో నాకు తెలుసు. ఆ మనిషిని చూసినవాళ్ళు ఇప్పుడు ఈ ఊళ్ళో నేను తప్ప ఎవరూ మిగల్లేదు కాబట్టి చెబుతున్నాను.

సన్యాసమ్మ పెద్దత్త మా మావగారికి వదిన. పెనిమిటి పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఇంట్లో పెత్తనం మావగారిది, పొయ్యి మా అత్తగారిది, ఆ రెండింటికీ మధ్య మిగిలిందంతా పెద్దత్తది. పొడుగ్గా ఉండేది. కొంగలా మెడ ముందుకి చాచి నడిచేది. నడుముకి ఆకూవక్కల సంచి, అందులో ఒక అడకత్తెర ఎప్పుడూ ఉండేవి. నేను రెండో తరగతి దాకా చదివాను, ఆవిడ బడి గుమ్మం కూడా తొక్కలేదు. కానీ ఏ వస్తువైనా సరే, పైకి కనిపించేది చూసి ఊరుకునేది కాదు. తిరగేసి అడుగు చూడాలి, కుదిరితే లోపల చూడాలి. కొత్తచీర కట్టుకుని ఎవరైనా వస్తే మిగిలిన ఆడవాళ్ళు అంచు చూసేవారు, ఈవిడ కొంగు తిప్పి వెనకవైపు నేత చూసేది.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు తిరగలి దగ్గర మినపప్పు విసురుతున్నాను. పెద్దత్త వచ్చి ఎదురుగా చతికిలబడింది.

“ఒలే గుంటా, ఈ పైరాయి ఎత్తి ఎప్పుడైనా సూసేవేటి?”

“లేదత్తా.”

“మరి రోజూ తిప్పుతన్నావు కదే. లోపల ఏటవుతాందో తెలకుండానే తిప్పుతన్నావా?”

ఇదేదో కోడలికి పెట్టే పరీక్ష అనుకున్నాను. ఆవిడకి అలాంటి ఉద్దేశమే లేదు. తనే ఒకవైపు పట్టి, నన్ను ఇంకోవైపు పట్టమని, పైరాయి లేవదీసింది. లోపల నడిమి నుంచి అంచుకి గాళ్ళు చెక్కి ఉన్నాయి, సూర్యుడి బొమ్మ వేసినట్టు. గాడి నిండా పిండి. “సూడు, గింజ నడిమిన పడతాది. మరి పిండి అంచుకెందుకొస్తాది? ఎవరు తోస్తన్నారు?” అంది. నేను చాలాసేపు చూశాను. “గాళ్ళు తోస్తున్నాయత్తా” అన్నాను. ఆవిడ మొహం చూడాలి అప్పుడు. నేను తన పుట్టింటి మనిషిని అయిపోయినట్టు చూసింది. ఇంతలో మా అత్తగారు వచ్చి, “మధ్యాన్నానికి పిండి కావాలంటే, రాళ్ళకి పురుడు పోస్తన్నారా ఇద్దరూ?” అని కేకలేసింది.

అన్నీ ఇలా శుభంగా ముగిసేవని కాదు. మావగారు ఎంతో ముచ్చటపడి తెచ్చుకున్న గోడ గడియారాన్ని ఆవిడ ఒకసారి దించి విప్పింది. మళ్ళీ బిగించాక ఒక ఇత్తడి ముక్క మిగిలిపోయింది. గడియారం నడిచేది గానీ ఎప్పుడు గంట కొడుతుందో, ఎన్ని కొడుతుందో దాని ఇష్టం. మావగారు లబలబలాడారు. “ఆ ముక్క లేకుండానే నడుస్తాంది కద మరిదీ, మరి దాన్ని ఎందుకు పెట్టినట్టు?” అని ఈవిడ ఆయన్నే ఎదురు అడిగింది. ఆ ముక్కని ఆవిడ పారెయ్యలేదు. ఆకూవక్కల సంచిలోనే వేసుకుని, తోచినప్పుడు తీసి చూసుకునేది.

ఇక మోటారు సంగతి. ఆ రోజుల్లో నర్సీపట్నంలో మోటారు వచ్చిందంటే మంగలి సగం గడ్డం గీసి వదిలేసి వీధిలోకి పరిగెత్తేవాడు. ఎవరో దొరల దగ్గర వాడి వాడి పాతబడ్డ మోటారుని మావగారు కొన్నారు. వెనక భాగాన్ని తీయించేసి, వడ్రంగి చేత చెక్కగది కట్టించారు. ముందు డ్రైవరు సూరయ్య, మావగారు కూర్చుంటారు. వాళ్ళకీ గదికీ మధ్య నిండు పలకల గోడ. గదికి రెండువైపులా చెక్కరెక్కల కిటికీలు, వెనక ఒక్కటే తలుపు. ఆ తలుపు పక్కకి కాక పైకి లేస్తుంది. ఎత్తి కర్ర ఆనిస్తే ఎండకి చూరులా ఉంటుంది. పిడి బయటే ఉంటుంది. మూస్తే కింద గడపలో గొళ్ళెంలా ఇనుప నాలుక పడుతుంది. లోపల పిడి లేదు. ఆడవాళ్ళు కూర్చునే గదికి లోపల కూడా పిడి ఉండాలని ఎవరికీ తోచలేదు. మాది పొలం చేసుకునే కుటుంబమే అయినా, మోటారు వచ్చాక మావగారికి గోషా మీద మోజు పుట్టింది. అంతకుముందు గట్ల మీద నడిచి పోయిన మేమే, ఇప్పుడు తెర చాటున మోటారెక్కాలి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ మోటారు మా కోసం కొన్నది కాదు. వారంలో చాలా రోజులు దాంట్లో బెల్లం దిమ్మలు అనకాపల్లి వెళ్ళేవి. తిరిగొచ్చాక చీపురు పెట్టి ఊడ్చి, చాప పరిస్తే అది ఆడవాళ్ళ బండి.

తొలకరి పడి, ఉక్కపోతగా ఉన్న రోజులు. ఒక ఉదయం రావికమతం నుంచి మా పుట్టింటి పాలేరు చెమటలు కక్కుతూ వచ్చాడు. నాన్నకి కొంతకాలంగా చూపు మందగిస్తోంది. మద్రాసు పెద్దాసుపత్రిలో కళ్ళకి కోత వేయించుకోవాలని అనుకుంటున్నారు. ఆ ప్రయాణం హఠాత్తుగా కుదిరిందట. “రాత్రే బండి కట్టుకుని అనకాపల్లి ఎల్పోనారమ్మా. మద్దేన్నం రైలు. యలమంచిలిలో ఆగుతాది, అక్కడ సూడొచ్చు. కోతేసినాక సూపు నిలుస్తాదో నిలవదో అన్నారంట డాట్టరుబాబు. బాబుగారు ఏటన్నారంటే, ముందొకసారి పిల్ల మొగం సూసుకుంటానన్నారు” అన్నాడు.

నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. నోరు తెరిచి అడిగే వయసూ కాదు, రోజులూ కావు. మావగారు చుట్ట వెలిగించుకుని, “అంత దూరం ఆడోళ్ళనేసుకుని, స్టేషన్లో నలుగురిలో...” అని నసుగుతున్నారు. పెద్దత్త ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడింది.

“మరిదీ, బెల్లం ఎల్తాది కదా అనకాపల్లి?”

“ఎల్తాది.”

“దానికన్నా ఈ గుంట బరువేటి?”

మావగారు చుట్ట నోట్లోంచి తీశారు. “వదినా, నువ్వు కూడా ఎల్తేనే” అన్నారు. ఆవిడ అప్పటికే సంచి నడుముకి కట్టుకుని ఉంది. మోటారు ఎక్కే అవకాశం వస్తే ఆవిడ వదులుకుంటుందా!

దారంతా గోతులే. కిటికీ రెక్కల సందుల్లోంచి సన్నటి గీతల్లా ఎండ పడేది. నేను నాన్న గురించి ఆలోచిస్తున్నాను. పెద్దత్త చాప ఎత్తి, పలకల సందులోంచి కింద చక్రం తిరగడం చూస్తోంది. “ఒలే, చక్రం తిరుగుతుంటే నడిమి ఇరుసు కూడా తిరుగుతాందే! మన ఎడ్లబండికి అలా తిరగదు కదేటి?” అంది. నాకు సగం నవ్వు, సగం ఏడుపు వచ్చాయి.

యలమంచిలి స్టేషను బయట మోటారు ఆగింది. రైలు ఇంకా రాలేదని అక్కడివాళ్ళు చెప్పడం విని నా ప్రాణం కుదుటపడింది. సూరయ్య దిగి వెనక్కి వచ్చి పిడి తిప్పాడు. కర్రుమంది, అంతే. తలుపు లేవలేదు. మళ్ళీ తిప్పాడు. మావగారు వచ్చి పిడి పట్టుకుని పైకి గుంజారు. తలుపు ఊగింది, రాలేదు. అప్పుడు మొదలైంది దబదబ. చెక్కగదిలో ఉన్న మాకు నెత్తిన డప్పు కొట్టినట్టు ఉంది.

“నూనె పొయ్యరా!” అన్నారు మావగారు.

“మొన్న పోసేనండి. నిన్నా పోసేనండి. ఇయ్యాల పొద్దున్న కూడా పోసేనండి బాబూ” అన్నాడు సూరయ్య, ఇంకా ఆముదం పోస్తూనే.

చప్పుడుకి జనం పోగయ్యారు. ఎవరో “లోపల ఏటున్నాది?” అంటే, ఇంకెవరో “ఎలుగ్గొడ్డేమోరా, మన్యం నుంచి తెచ్చేరేమో” అన్నాడు. నవ్వులు. మావగారికి ఆ నవ్వులు సూదుల్లా గుచ్చుకున్నాయి. గొడ్డలి తేనా అని ఒక కూలీ అడిగితే, “నలుగురి మధ్య తలుపు నరికి ఆడోళ్ళని దింపుతానేట్రా?” అని కసిరి, సూరయ్యతో, “బండి తిప్పు. ఇంటికెళ్ళి వడ్రంగిని పిలిపించి విప్పించుకుందాం” అన్నారు.

మోటారు తిరిగితే నాన్న యలమంచిలిలో కిటికీ దగ్గర కూర్చుని, ఆ మసక కళ్ళతో ప్లాట్‌ఫారం అంతా వెతుకుతాడు. నేను పెద్దత్త చెయ్యి పట్టుకోబోయాను. ఆ చెయ్యి నాకు అందలేదు. ఆవిడ అప్పటికే తలుపు దగ్గర బోర్లా పడుకుని ఉంది.

“సూరన్నా! కొంచెం కొట్టడం ఆపు నాయనా, నాకు వినబడ్డం లేదు” అని అరిచింది.

“ఏటి ఇనాలండీ పెద్దమ్మగారూ?” అన్నాడు వాడు తలుపుతో మాట్లాడుతున్నట్టు. గోషా కదా, వాడు మా కిటికీ వైపు కూడా చూసేవాడు కాదు.

“తలుపు ఏటంటాందో.”

బయట నవ్వులు పెరిగాయి. మావగారు తల పట్టుకున్నారేమో కూడా. తలుపు కింద లోపలివైపు, మా చీరలు చిక్కుకోకుండా వడ్రంగి నాలుక మీద ఒక చిన్న పలక కొట్టి ఉంచాడు. పెద్దత్త అడకత్తెర తీసి ఆ పలక మేకులు ఒక్కొక్కటే పెకలించింది. పలక ఊడింది. లోపల చీకటి. నాలుక దగ్గర నల్లగా, లక్కలా ఏదో పేరుకుని ఉంది.

“ఎవరో లక్క పోసేరే” అంది మొదట. గోటితో గీకింది. “లక్క కాదు. తారేమో.” వాసన చూసింది. ఆముదం కంపు తప్ప ఏమీ లేదు. అది కూడా కాదని తల ఊపింది. నేను బండి తిప్పేస్తారేమోనని కిటికీ రెక్కల వైపే చూస్తున్నాను. ఆవిడకి మాత్రం లోకంలో ఇంకేమీ లేనట్టు ఉంది. “నీ కళ్ళు లేతవి, ఇటు రా. ఆ సందులో ఏటో కదులుతాంది సూడు” అంది.

నేనూ బోర్లా పడుకుని చూశాను. “చీమలత్తా. ఎర్ర చీమలు.”

“ఎక్కడికి పోతన్నాయి?”

“నాలుక దగ్గరికే.”

“ఇనుముతో సీమలకేటి పనే?”

ఆవిడ నా వైపు తిరిగింది. తిరగలి దగ్గర చూసినట్టే చూసింది. నాకు ఒక్కసారిగా తట్టింది. ఆ నల్లటిది వేలితో గీకి నాలిక మీద పెట్టుకున్నాను. ముందు ఆముదం, తర్వాత మట్టి, ఆ వెనక నెమ్మదిగా తీపి.

“బెల్లమత్తా! బెల్లమే!”

ఉక్కకి దిమ్మలు చెమర్చి, పాకం కారి, పలకల మీదుగా పల్లానికి, అంటే తలుపు గడపకి చేరింది. నాలుక చుట్టూ గడ్డ కట్టింది. తలుపు బిగుసుకున్న ప్రతిసారీ ఆముదం పోశారు. మా ఇంట్లో కడుపునొప్పికీ ఆముదమే, కీలుకీ ఆముదమే. పాకం మీద నూనె, నూనె మీద దుమ్ము, ఆ పైన ఎండ. “నూనెలో బెల్లం కరుగుతాదేటి గుంటా? నువ్వు అరిసెలు వండవా?” అంది పెద్దత్త.

“కరగదత్తా. వేన్నీళ్ళు కావాలి.”

ఆవిడ కిటికీ రెక్కలకి నోరు ఆనించి కేక పెట్టింది. “సూరన్నా! వేన్నీళ్ళు కావాలి నాయనా, బేగి! ఎక్కడైనా కాఫీ హోటలుందేటి?”

సూరయ్య, “కాఫీ హోటలెందుకండీ పెద్దమ్మగారూ, మన మోటారు కడుపులోనే సలసలా కాగుతున్నాయి కదండీ!” అంటూ ముందుకి పరిగెత్తాడు. మోటారు ముందు భాగంలో యంత్రాన్ని చల్లార్చే నీళ్ళుంటాయని నాకు అప్పుడే తెలిసింది. కింద చిన్న కుళాయి విప్పి, చెంబుతో పట్టుకొచ్చాడు. పిడి దూరిన కన్నంలోంచి పోశాడు. గుడ్డ తడిపి మాకివ్వాలంటే గుడ్డ లేదు. పెద్దత్త కిటికీలోంచి మావగారి భుజం మీద ఉన్న జరీ కండువా చూసి, “మరిదీ, అదియ్యి” అంది. ఆయన ఇచ్చారు. ఎలా ఇచ్చారో నేను చూడలేదు, చూసి ఉంటే ఇవాళ్టికీ నవ్వేదాన్ని.

కాగే నీళ్ళలో ముంచిన కండువా రెక్కల సందులోంచి లోపలికి వచ్చింది. పలక ఊడిన సందులో ఆవిడ చెయ్యి పట్టలేదు, నాది పట్టింది. వేళ్ళు చురుక్కుమంటున్నా కండువాని ఇనుప నాలుక మీద అదిమి పట్టాను. నల్లటి నీళ్ళు మోచేతి దాకా కారాయి. సూరయ్య బయట పోస్తున్నాడు, మావగారు పైకి గుంజుతున్నారు. నాలుక కొంచెం కదిలింది గానీ విడలేదు. దూరంగా రైలు కూత వినబడింది.

“మరిదీ, లాగకు!” అంది పెద్దత్త.

“లాగకపోతే ఎలా తెరుసుకుంటాది?”

“నువ్వు లాగే కొద్దీ నాలుక గడపని కరిసి పట్టుకుంటాంది, నాకు ఇక్కడ కనబడతాంది. తలుపుని కిందికి నొక్కు. మూసినట్టు నొక్కు!”

“తెరవడానికి మూయాలా!”

“ఒక్కసారి నా మాట ఇని, మూసి సూడు బాబూ.”

ఆయన తలుపు మీద తన బరువంతా వేసినట్టున్నారు, గది మొత్తం కుంగింది. సూరయ్య పిడి తిప్పాడు. నా వేళ్ళ కింద ఇనుము మెత్తగా, పండు తొడిమ ఊడినట్టు జారింది. తలుపు లేచింది. వెలుగు కళ్ళల్లోకి కొట్టింది. జనం ఎలుగ్గొడ్డు కోసం చూస్తున్నారు. పెద్దత్త నన్ను వీపు మీద ఒక్క తోపు తోసి, “లగెత్తు!” అంది.

లగెత్తాను. తెరా లేదు, ముసుగూ లేదు. జుట్టు ముడి ఊడిపోయింది. రైలు అప్పుడే ఆగుతోంది. పెట్టె పెట్టెకీ తొంగిచూస్తూ పరిగెత్తుతుంటే, నాన్నే నన్ను గుర్తుపట్టాడు. కాళ్ళ చప్పుడు విని అనుకుంటాను. కిటికీ చువ్వల్లోంచి రెండు చేతులూ చాచి నా మొహం పట్టుకుని, దగ్గరికి లాక్కుని, ఒక కన్ను మూసి ఒక కన్నుతో, మళ్ళీ ఆ కన్ను మూసి రెండో కన్నుతో చూశాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, “ఇదేటే, జిగురుజిగురుగా ఉన్నాది?” అన్నాడు.

“బెల్లం నాన్నా.”

“పెళ్ళినాడు పెట్టిన జీలకర్రా బెల్లం ఇంకా కడుక్కోలేదేటే!”

పెట్టెలో అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ. నేను తలుపు కథ గబగబా చెప్పబోయాను, చీమల దాకా వచ్చేసరికి రైలు కదిలింది. “మిగతాది వచ్చేక సెప్పు!” అని అరిచాడు. నేను తిరిగి వచ్చేసరికి, పెద్దత్త సూరయ్యని పక్కన నిలబెట్టుకుని మోటారు మూత తెరిపించి, నీళ్ళు ఎటు పోయి ఎటు వస్తాయో చూస్తోంది. గోషా సంగతి ఆవిడకీ గుర్తులేదు, వాడికీ గుర్తులేదు. మావగారు ఒక పక్కన నల్లబడ్డ జరీ కండువా పిండుకుంటున్నారు.

నాన్న చూపు నిలవలేదు. మద్రాసు నుంచి కట్టుతో వచ్చాడు, కట్టు విప్పాక కూడా చీకటే. ఆయనకి నేను చివరిదాకా ఆ రోజున్నట్టే ఉన్నాను, జుట్టు రేగి, చెంప మీద బెల్లం మరకతో. నాకు నలుగురు పిల్లలు పుట్టాక కూడా, “నా కూతురికి పదిహేనేళ్ళు” అనేవాడు.

రావికమతం వెళ్ళినప్పుడల్లా మంచం పక్కన కూర్చోబెట్టుకుని, ముందు ఆ తలుపు కథ మొత్తం చెప్పించుకునేవాడు. తర్వాత, “ఇంకేటి సూసేవు, సెప్పు” అనేవాడు. మొదట్లో నేను ఊరికే పేర్లు చెప్పేదాన్ని. కొత్త బావి తవ్వేరు నాన్నా, కొత్త కప్పీ పెట్టేరు నాన్నా, అని. “కప్పీ అంటే? తాడు ఎటు పోతాది? పక్కకి జారిపోకుండా ఏటుంటాది?” అని అడిగేవాడు. ఈసారి వచ్చేలోపల చూసి రావాలి అనుకునేదాన్ని. నర్సీపట్నం వచ్చి పెద్దత్తకి చెబితే, ఆవిడ నన్ను లేవదీసుకుని బయల్దేరేది. ఇద్దరం వెళ్ళి కప్పీ చూసేవాళ్ళం, కమ్మరి తిత్తి చూసేవాళ్ళం, చెరకు గానుగ పళ్ళు ఒకదాన్నొకటి ఎలా కరుచుకుంటాయో చూసేవాళ్ళం. “మీ నాన్న ఏటడుగుతాడో ముందే అనుకుని సూడు” అనేది. ఎన్నడూ ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఆ ఇద్దరి మధ్యా నేను మూటలు మోసినట్టు సంగతులు మోసుకుంటూ తిరిగాను. నాన్న వింటూ వింటూ గాలిలో వేళ్ళతో ఆ వస్తువుని తిప్పి చూసుకునేవాడు. వేళ్ళు ఆగిపోయాయంటే నేను చెప్పడంలో ఏదో వదిలేశానని గుర్తు.

ముందు నాన్న పోయాడు. కొన్నేళ్ళకి పెద్దత్త పోయింది, ఆఖరి రోజుల్లో కూడా తనని చూడొచ్చిన డాక్టరు మెడలో గొట్టాన్ని అడిగి తీసుకుని, ముందు తన గుండె మీద, తర్వాత నా గుండె మీద పెట్టి విని, “ఓలమ్మో, నీది నాదానికన్నా గట్టిగా కొట్టుకుంటాందే” అని ఆశ్చర్యపోయింది. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు. మొన్న సంతలో ఒకతను మీట నొక్కితే దానంతటదే విచ్చుకునే గొడుగులు అమ్ముతున్నాడు. నేను ఒకటి తీసుకుని విప్పాను, మూశాను, మళ్ళీ విప్పాను, తిరగేసి చువ్వల మధ్య వేలు పెట్టి చూశాను. “కొంటావేటి మామ్మా?” అని విసుక్కున్నాడు. “కొనను బాబూ. దీన్ని తోసేది ఎక్కడుందో సూపించు, ఎల్పోతాను” అన్నాను. చూపించాడు, పాపం. కర్రలోపల సన్నటి తీగ చుట్ట. దాన్ని కళ్ళు లేని మనిషికి ఎలా చెబితే వేళ్ళకి అందుతుందా అని మాటలు వెతుక్కుంటూ, ఎండలో ఇంటిదాకా నడిచి వచ్చాను.